ముక్తినాథ్ యాత్ర: విమానం టికెట్టు నుంచి నూట ఎనిమిది ధారల దాకా

నేపాల్ కొండల్లో ఉన్న ముక్తినాథ్ గుడికి వెళ్దామని ఇంట్లో అనుకోగానే ఎవరో ఒకరు ఫోన్ తీసి హైదరాబాద్–ఖాట్మండు టికెట్ ఎంతుందో చూస్తారు. చౌకగా కనబడితే అప్పటికప్పుడు కొనేస్తారు కూడా. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. ఆ తేదీల్లో పైన రోడ్డు తెరిచి ఉంటుందా, గుడికి దిగువన చిన్న విమానాలు దిగే జోమ్‌సోమ్‌లో గాలి ఎలా ఉంటుంది, తిరుగు విమానానికి ముందు ఒక రోజు ఖాళీ ఉందా అన్నవేవీ ఆ ధరలో కనబడవు. టికెట్ మీద మిగిల్చిన రెండు వేలు, దారిలోని పోఖరాలో ఒక రాత్రి ఇరుక్కుంటే అక్కడే ఖర్చయిపోతాయి.

అందుకే ఈ యాత్రను పైనుంచి కిందికి వేసుకోవాలి. మొదట ముక్తినాథ్‌లో ఏ రోజు ఉండాలో తేల్చుకోండి. తర్వాత పోఖరా, ఆ తర్వాత ఖాట్మండు, చిట్టచివరికి మన ఊరి విమానం.

ఏ నెలలో

మార్చి నుంచి మే దాకా ఒక కాలం, అక్టోబరు, నవంబరు ఇంకో కాలం. ఈ రెండూ తప్ప మిగతావన్నీ రాజీపడి వెళ్లేవే.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు. ముక్తినాథ్ ఉన్న ముస్తాంగ్ జిల్లా కొండల అవతల వాననీడలో ఉంటుంది కాబట్టి అక్కడ వాన తక్కువే. కానీ అక్కడికి చేరాలంటే బేని నుంచి కాళీగండకి లోయ వెంట పోవాలి. కొండచరియలు విరిగిపడేది ఆ దారిలోనే. ఖాట్మండు–పోఖరా హైవేకీ ఇదే బెడద. సెప్టెంబరు అయిపోవస్తోంది కదా, వానలు తగ్గినట్టే అనుకోవడానికీ లేదు: 2024 సెప్టెంబరు చివర కురిసిన వానలకు ఖాట్మండు లోయ మునిగింది, రాజధానికి వెళ్లే హైవేలు తెగిపోయాయి.

డిసెంబరు, జనవరిలో పైన మంచు, కింద పొగమంచు. ఢిల్లీలోనూ ఖాట్మండులోనూ ఉదయం విమానాలు గంటల తరబడి ఆలస్యమవుతాయి. ఆ నెలల్లో టికెట్ చౌకగా కనబడటానికి కారణం కూడా కొంతవరకు ఇదే. వెళ్లక తప్పకపోతే ఖాట్మండులో మధ్యాహ్నం తర్వాత దిగే విమానం తీసుకోండి.

మన దసరా రోజుల్లోనే నేపాల్‌లో దశైఁ పండుగ. అక్కడ అదే పెద్ద పండుగ. ఊళ్లకు వెళ్లే జనంతో బస్సులూ దేశంలోపలి విమానాలూ నిండిపోతాయి. పిల్లలకు దసరా సెలవులున్నాయని అప్పుడే బయల్దేరితే, ఢిల్లీ–ఖాట్మండు టికెట్ దొరికినా ఖాట్మండు–పోఖరా దొరకదు. వేసవి సెలవుల మొదటి వారాలు దానికంటే చాలా నయం.

ఏ దారిన

ఎక్కువమంది వెళ్లేది ఢిల్లీ మీదుగానే. ఢిల్లీ–ఖాట్మండు విమానాలు రోజుకు చాలా ఉన్నాయి కాబట్టి ఒకటి తప్పినా ఇంకొకటి ఉంటుంది. ముంబయి, బెంగళూరు నుంచీ విమానాలున్నాయి. రాయలసీమ వాళ్లకు, ముఖ్యంగా అనంతపురం, హిందూపురం వైపు వాళ్లకు, బెంగళూరు ధర కూడా చూసుకోవడం మంచిది. హైదరాబాద్ దాకా వచ్చే ఖర్చూ రాత్రి ప్రయాణమూ మిగులుతాయి.

రెండో దారి గోరఖ్‌పూర్. మధ్యతరగతి కుటుంబానికి డబ్బు మిగిల్చేది ఇదే. విజయవాడ, వరంగల్ మీదుగా వెళ్లే రాప్తిసాగర్ ఎక్స్‌ప్రెస్ గోరఖ్‌పూర్ చేరుస్తుంది. సికింద్రాబాద్ నుంచీ రైళ్లున్నాయి. ఒకటిన్నర రోజు ప్రయాణం అనుకోండి. రైల్వే ముందస్తు బుకింగ్ ఇప్పుడు 60 రోజులే. 2024 నవంబరుకు ముందున్న 120 రోజుల లెక్క మనసులో పెట్టుకుని ప్లాన్ వేయకండి. గోరఖ్‌పూర్ నుంచి సరిహద్దు ఊరు సునౌలి సుమారు 100 కిలోమీటర్లు, బస్సులో మూడు గంటలు. అక్కడ దిగి, భారత పౌరులైతే నడుచుకుంటూ గేటు దాటి నేపాల్‌లోకి వెళ్లవచ్చు. అటుపక్క నాలుగైదు కిలోమీటర్లలో భైరహవా. అక్కడి నుంచి లుంబిని 25 కిలోమీటర్ల లోపే. పోఖరాకు మాత్రం కొండదారిలో దాదాపు పగలంతా పడుతుంది.

అన్నిటికన్నా తెలివైనది ఈ రెండూ కలిపిన దారి. వెళ్లేటప్పుడు విమానంలో ఖాట్మండు. అక్కడ పశుపతినాథుడి దర్శనం, తర్వాత పోఖరా, ముక్తినాథ్. తిరిగి ఖాట్మండుకు రాకుండా పోఖరా నుంచి దక్షిణంగా లుంబినికి దిగి, సునౌలి దాటి గోరఖ్‌పూర్ చేరి, అక్కడి నుంచి రైలో, దేశీయ విమానమో ఎక్కడం. ఖాట్మండు–పోఖరా దారి రెండోసారి తొక్కే పని ఉండదు, లుంబిని అదనంగా కలుస్తుంది, తిరుగు టికెట్టుకు దేశీయ ధరే పడుతుంది. విమానం టికెట్‌ను రానూపోనూ కలిపే కొనాలన్న అలవాటు ఒక్కటే దీనికి అడ్డం. మన దేశపు చౌక విమాన సంస్థలు ఒకవైపు టికెట్‌ను దాదాపు సగం ధరకే అమ్ముతాయి కాబట్టి విడివిడిగా కొన్నా నష్టం ఉండదు. రెండు రకాలుగానూ ధర చూసి తేల్చుకోండి.

సీతమ్మ పుట్టింటికీ వెళ్లాలనుకునేవాళ్లకు మూడో దారి ఒకటుంది. దర్భంగా దాకా వచ్చి, అక్కడి నుంచి జయనగర్ చేరితే, జనక్‌పూర్‌కు రైలుంది. 2022 ఏప్రిల్ 2న మొదలైన 35 కిలోమీటర్ల లైను అది. జనక్‌పూర్ నుంచి ఖాట్మండుకు చిన్న విమానం అరగంట లోపే. జానకీ మందిరం చూడాలన్న కోరిక లేకపోతే దీని జోలికి పోనక్కర్లేదు.

ఒక అపోహ. పోఖరాలో 2023 జనవరి 1న, భైరహవాలో 2022 మేలో అంతర్జాతీయ విమానాశ్రయాలు తెరిచారు. ఆ పేరు చూసి మన ఊళ్ల నుంచి అక్కడికి రోజూ విమానాలుంటాయని అనుకోవద్దు. ఇప్పటికీ ముఖద్వారం ఖాట్మండే.

టికెట్ వెతికే పద్ధతి

గూగుల్ ఫ్లైట్స్‌లో తేదీ పెట్టే చోట క్యాలెండర్ తెరిస్తే ఒక్కో రోజు కింద ధర కనబడుతుంది. స్కైస్కానర్‌లో నెల మొత్తం ఎంచుకోవచ్చు. ముందు ఈ రెండింటిలో ఏ వారం తక్కువో చూసి, ధర మారితే తెలిపే అలర్ట్ పెట్టుకోండి. కొనేది మాత్రం విమాన సంస్థ సొంత సైట్లోనే. మధ్యవర్తి యాప్ వంద, రెండొందలు తక్కువ చూపించినా, చివరి పేజీలో కన్వీనియన్స్ ఫీజు కలిపేసరికి అది పోతుంది. రద్దు చేసుకుంటే విమాన సంస్థ కోత ఒకటి, యాప్ కోత ఇంకొకటి. విమానం రద్దయిన రోజున ‘మీరు కొన్నచోటే అడగండి’ అని ఇద్దరూ ఒకరి మీద ఒకరు తోసుకుంటారు. అసలు తలనొప్పి అదే.

కుటుంబంగా వెళ్లేవాళ్లు గట్టిగా గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. విమానంలో సీట్లను ధరల వారీగా కొన్ని కొన్నిగా విడుదల చేస్తారు. చౌక ధరలో మూడే సీట్లు మిగిలి ఉండగా మీరు నలుగురికి వెతికారనుకోండి, చాలా సిస్టమ్‌లు నలుగురికీ పై ధరే చూపిస్తాయి. అందుకే మొదట ఒక్కరికి వెతకండి, తర్వాత ఇద్దరికి, ముగ్గురికి. ధర ఎక్కడ ఎగబాకిందో చూసి, అక్కడ విడగొట్టి రెండు టికెట్లుగా కొనండి. పిల్లలను మాత్రం పెద్దవాళ్లున్న పీఎన్‌ఆర్‌లోనే ఉంచండి.

పదే పదే వెతికితే ధర పెంచేస్తారని, ఇన్‌కాగ్నిటోలో, అంటే మనం వెతికింది బ్రౌజర్ గుర్తుపెట్టుకోని కిటికీలో, చూడాలని అందరూ చెప్తుంటారు. రెండోసారి చూసినప్పుడు ధర పెరగడానికి మామూలుగా కారణం పైన చెప్పిన సీట్ల లెక్కే; ఈ లోపల ఎవరో కొనేసి ఉంటారు. ఇన్‌కాగ్నిటో వల్ల నష్టమేం లేదు గానీ దాన్ని నమ్ముకుని ఆలస్యం చేయొద్దు.

ధరలను పోల్చేటప్పుడు లగేజీని కూడా కలిపి పోల్చండి. అన్నిటికన్నా తక్కువ ధర టికెట్టులో చేతి సామాను తప్ప ఏమీ ఉండకపోవచ్చు. కొండమీదికి స్వెట్టర్లు, షాలువాలు, పెద్దవాళ్ల మందులు వేసుకునేసరికి తలా పది కిలోలు దాటుతుంది. బ్యాగును ముందే ఆన్‌లైన్‌లో కలుపుకుంటే ఒక ధర, కౌంటర్ దగ్గర తూకంలో తేలితే అంతకు చాలా ఎక్కువ.

నేపాల్ లోపలి విమానాలు మన యాప్‌లలో చాలావరకు కనబడవు. బుద్ధ ఎయిర్, యేతి ఎయిర్‌లైన్స్ సొంత సైట్లు చూడాలి. అక్కడ ప్రయాణికుడి దేశం అడిగే గడి ఉంటుంది. నేపాలీలకు ఒక ధర, భారతీయులకు ఒక ధర, మిగతా విదేశీయులకు ఇంకా పెద్ద ధర. పొరపాటునో, తెలివికిపోయో నేపాలీ అని పెడితే కౌంటర్ దగ్గర గుర్తింపు కార్డు చూసి తేడా కట్టించుకుంటారు, లేదా ఎక్కనివ్వరు.

ఢిల్లీలో అతుకు

హైదరాబాద్–ఢిల్లీ ఒక టికెట్, ఢిల్లీ–ఖాట్మండు ఇంకో టికెట్ విడిగా కొంటే చౌకగా పడవచ్చు. కానీ రెండింటికీ సంబంధం లేదు. మొదటి విమానం రెండు గంటలు ఆలస్యమై రెండోది వెళ్లిపోతే, రెండో సంస్థ దృష్టిలో మీరు రాని ప్రయాణికులు. టికెట్ పోయినట్టే. అదే ఒకే పీఎన్‌ఆర్‌లో ఉంటే తర్వాతి విమానంలో ఎక్కించే బాధ్యత వాళ్లది.

విడి టికెట్లే కొంటే మధ్యలో కనీసం ఐదు గంటలుండాలి, పొగమంచు నెలల్లో అదీ చాలదు. ఆ ఐదు గంటలు ఎలా కరుగుతాయో చూడండి. బెల్టు దగ్గర సామాను కోసం అరగంట. దేశీయ విమానం టెర్మినల్ 1లో దిగితే, అంతర్జాతీయ విమానాలుండే టెర్మినల్ 3కి రోడ్డు మీద బస్సులోనో, ట్యాక్సీలోనో వెళ్లాలి. ట్రాఫిక్‌తో కలిపి ముప్పావు గంట అనుకోండి. టెర్మినల్ 2 నుంచైతే నడిచి పోవచ్చు. అక్కడ మళ్లీ చెకిన్ వరుస, ఇమిగ్రేషన్ వరుస, సెక్యూరిటీ. అంతర్జాతీయ కౌంటర్ విమానానికి గంట, గంటంబావు ముందే మూసేస్తారు. ముసలివాళ్లు, పిల్లలు ఉంటే ఒకే పీఎన్‌ఆర్‌కు కాస్త ఎక్కువైనా పెట్టండి. దీని మీద బేరం వద్దు.

ఒకే పీఎన్‌ఆర్ అయినా తిరుగు ప్రయాణంలో ఒక జాగ్రత్త ఉంది. ఖాట్మండు కౌంటర్లో బ్యాగుకు కట్టే ట్యాగు మీద చివరి ఊరు ఏదని రాసి ఉందో చదవండి. ఢిల్లీ అని ఉంటే అక్కడ బ్యాగు దింపుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ ఇవ్వాలి. హైదరాబాద్ అని ఉన్నా, ఢిల్లీలో కస్టమ్స్ కోసం తీసుకోవాలా అక్కర్లేదా అని ఆ కౌంటర్లోనే అడగండి. అడగకుండా ఊరికి వచ్చి, ఖాళీ బెల్టు ముందు నిలబడేవాళ్లు ప్రతి గుంపులో ఒకరుంటారు.

వెళ్లేటప్పుడు ఎడమవైపు కిటికీ సీటు తీసుకోండి. ఆకాశం తేటగా ఉంటే హిమాలయాలు అటే. ఖాట్మండు–పోఖరా విమానంలో కుడివైపు.

కార్డులు, పేర్లు

భారత పౌరులకు నేపాల్‌కు వీసా అక్కర్లేదు. కానీ విమానంలో వెళ్లాలంటే చెల్లే కార్డులు రెండే: పాస్‌పోర్టు, లేదా ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డు. ఆధార్‌తో పనవుతుందనుకుని వచ్చి కౌంటర్ దగ్గర ఆగిపోయేవాళ్లు ఎక్కువ. 15 ఏళ్ల లోపు పిల్లలకు, 65 దాటినవాళ్లకు మాత్రం వయసు, గుర్తింపు తెలిపే ఫొటో ఉన్న ఆధార్, పాన్ వంటివి సరిపోతాయి. 15 నుంచి 18 మధ్యవాళ్లకు పాస్‌పోర్టు లేకపోతే బడి ప్రిన్సిపాల్ ఇచ్చిన గుర్తింపు పత్రం కావాలి. ఆ సెలవుల్లో బడి మూసి ఉంటుంది కాబట్టి ముందే తెచ్చి పెట్టుకోండి. ఏ కార్డయినా అసలుదే కావాలి. జిరాక్స్, ఫోన్లో ఫొటో పనికిరావు.

మన పేర్లతో వచ్చే తంటా వేరే ఉంది. ఓటరు కార్డులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, పెళ్లయిన ఆడవాళ్లకు ఒకదాంట్లో పుట్టింటి పేరు, ఇంకోదాంట్లో అత్తింటి పేరు. టికెట్ మీద పేరు, మీరు చూపించబోయే కార్డు మీద ఉన్నట్టే ఉండాలి, ఆ స్పెల్లింగుతోనే. ఓటరు కార్డు చూపిస్తారా, పాస్‌పోర్టు చూపిస్తారా అన్నది కొనేముందే తేల్చుకుని, కార్డు చేతిలో పట్టుకునే పేరు టైపు చేయండి. టికెట్ రాగానే మళ్లీ చదవండి. తప్పుంటే అదే రోజు విమాన సంస్థకు ఫోన్ చేయండి.

అమెరికా పౌరసత్వం తీసుకున్న కొడుకూ కోడలూ మీతో వస్తుంటే వాళ్ల లెక్క వేరు. విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా నేపాల్ దృష్టిలో వాళ్లు విదేశీయులే. ఖాట్మండులో దిగాక వీసా ఇస్తారు: 15 రోజులకు 30 డాలర్లు, 30 రోజులకు 50, 90 రోజులకు 125. పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. మళ్లీ ఇండియాలోకి రావడానికి ఓసీఐ కార్డు చేతి సంచిలోనే ఉండాలి, హైదరాబాద్ ఇంటి బీరువాలో కాదు. వాళ్లు సునౌలి మీదుగా వెళ్తే రెండుపక్కలా ఇమిగ్రేషన్ ఆఫీసుకు వెళ్లి ముద్ర వేయించుకోవాలి. మనం నడిచి దాటేస్తున్నాం కదా అని వాళ్లూ మన వెంట నడిచేస్తే తర్వాత జరిమానాలు, ప్రశ్నలు.

డబ్బు

మన రూపాయి నేపాలీ రూపాయికి 1.6 రెట్లు. 1993 నుంచీ ఇదే లెక్క, మారలేదు. మన 100 వేస్తే వాళ్లవి 160. అక్కడ ధర చెప్పేటప్పుడు ఎన్.సి., ఐ.సి. అనే మాటలు వినిపిస్తాయి. ఎన్.సి. అంటే నేపాలీ డబ్బు, ఐ.సి. అంటే మన డబ్బు. జీపు మాట్లాడేటప్పుడు ‘ఎనిమిది వేలు’ అంటే ఏ ఎనిమిది వేలు? ఎన్.సి. అయితే మన 5,000. బేరం కుదిరాక దిగేచోట గొడవ పడే బదులు మొదటే ‘ఎన్.సి.నా, ఐ.సి.నా’ అని అడిగి, కాగితం మీద రాయించుకోండి.

100, అంతకన్నా చిన్న నోట్లు దాదాపు అంతటా తీసుకుంటారు. 100 కన్నా పెద్ద భారతీయ నోట్లను నేపాల్ 2018 డిసెంబరులో నిషేధించింది. ఈమధ్య ఆ నిబంధనను సడలించే నిర్ణయాలు జరిగాయి గానీ, కొట్టువాడు వద్దంటే చేసేదేం లేదు. 100 నోట్ల కట్ట ఒకటి పెట్టుకుని, మిగతాది ఖాట్మండులో మార్చుకోండి. తిరిగి వచ్చేటప్పుడు నేపాలీ నోట్లు మిగల్చకండి. హైదరాబాద్‌లో వాటిని మార్చడం కష్టం.

మన యూపీఐ యాప్‌లతో నేపాల్‌లో ఫోన్‌పే అనే సంస్థ క్యూఆర్ స్కాన్ చేసి కట్టే ఏర్పాటు 2024 మార్చిలో మొదలైంది. పేరు ఒకేలా వినబడినా మన ఫోన్‌పే వేరు, అది వేరు. ఖాట్మండు, పోఖరా కొట్లలో పనికొస్తుంది, జోమ్‌సోమ్ దాటాక దాని మీద ఆశ పెట్టుకోవద్దు. యాప్‌లో అంతర్జాతీయ చెల్లింపులు, బ్యాంకు కార్డులో విదేశీ వాడకం ఇంటి దగ్గరే ఆన్ చేయండి. సిమ్‌కు రోమింగ్ కూడా. అది లేకపోతే ఓటీపీ రాదు, ఓటీపీ లేకపోతే కార్డు ఉన్నా లేనట్టే. మాట్లాడుకోవడానికి అక్కడి సిమ్ చవక. ముస్తాంగ్ వైపు నేపాల్ టెలికాం సిగ్నల్ నయం.

పోఖరా నుంచి పైకి

ఖాట్మండు–పోఖరా 200 కిలోమీటర్లు. టూరిస్టు బస్సులు ఉదయం ఏడు ప్రాంతంలో బయల్దేరతాయి. ఏడెనిమిది గంటలు, రోడ్డు పనులుంటే ఇంకా ఎక్కువ. విమానం 25 నిమిషాలు. మోకాళ్ల నొప్పులవాళ్లకు విమానమే మేలు. మిగిలినవాళ్లు రోడ్డు మీద వెళ్తే దారిలో కురిన్‌తార్ దగ్గర మనకామన గుడికి వెళ్లే కేబుల్ కార్ కూడా చూడవచ్చు, కాకపోతే అప్పుడు బస్సు కాదు, సొంతంగా మాట్లాడుకున్న బండి కావాలి.

పోఖరా నుంచి జోమ్‌సోమ్‌కు చిన్న విమానం 20 నిమిషాల్లో చేరుస్తుంది. అన్నపూర్ణ, ధౌలగిరి శిఖరాల మధ్య లోయలోంచి పోతుంది. ఆ లోయలో పొద్దెక్కేకొద్దీ దక్షిణపు గాలి బలపడుతుంది కాబట్టి విమానాలు తెల్లవారుజాము నుంచి పది, పదకొండు గంటల దాకానే. ఆ రోజు మబ్బు పట్టినా, గాలి ముందే లేచినా అన్నీ రద్దు. రద్దయితే డబ్బు తిరిగి వస్తుంది గానీ రోజు రాదు. ఈ దారిలో 2022 మే 29న ఒక విమానం కొండను ఢీకొని అందులోని 22 మందీ చనిపోయారు. వాతావరణం బాగాలేదని ఆపితే సిబ్బందితో వాదించకండి.

రోడ్డు మీద పోఖరా–ముక్తినాథ్ 180 కిలోమీటర్ల లోపే. అయినా తొమ్మిది, పది గంటలు పడుతుంది. బేని, తాతోపాని, మార్ఫా, జోమ్‌సోమ్, కాగ్‌బేని మీదుగా. బేని దాటాక దుమ్ము, గతుకులు. వెనక సీట్లో కూర్చున్నవాళ్ల నడుములు ఇక దేవుడి దయ. పదిమంది ఉంటే జీపు మొత్తం మాట్లాడుకోండి, అందులోనే డ్రైవరు భోజనం, రాత్రి బస, తిరుగు ప్రయాణం ఉన్నాయా లేవా ముందే తేల్చుకోండి. వెళ్లేటప్పుడు రోడ్డు, వచ్చేటప్పుడు విమానం అనే పద్ధతి కంటే వెళ్లేటప్పుడు విమానం, వచ్చేటప్పుడు రోడ్డు మంచిది. పైకి వెళ్లే విమానం రద్దయితే పోఖరాలోనే ఉంటారు, అప్పటికప్పుడు జీపు దొరుకుతుంది. జోమ్‌సోమ్‌లో తిరుగు విమానం రద్దయితే అందరూ ఉన్న కొద్ది జీపుల మీద పడతారు.

అన్నపూర్ణ రక్షిత ప్రాంతంలోకి వెళ్తారు కాబట్టి ‘ఏక్యాప్’ అనే అనుమతి పత్రం కావాలి. సార్క్ దేశాల వాళ్లకు, అంటే మనకూ, 1,000 నేపాలీ రూపాయలు. పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు రెండు, కార్డు జిరాక్సు పట్టుకుని పోఖరాలోనే తీసుకోండి. అక్కడ ఆఫీసులకు శనివారం సెలవు. శుక్రవారం సాయంత్రం పోఖరా చేరి శనివారం పొద్దున్నే బయల్దేరాలనుకునేవాళ్లు ఇక్కడే తగులుకుంటారు. గడియారం కూడా మనకన్నా 15 నిమిషాలు ముందు. ఉదయం ఆరున్నర విమానమంటే మన ఆరుంబావు.

అసలు జాగ్రత్త ఎత్తు విషయంలో. పోఖరా సముద్రమట్టానికి సుమారు 820 మీటర్లు, జోమ్‌సోమ్ 2,700 పైన, ముక్తినాథ్ 3,700. జీపులో ఒక్క రోజులో మూడు వేల మీటర్లు ఎక్కి, గుడి కిందనున్న రాణీపౌవాలోనే పడుకుంటే తలనొప్పి, వాంతులు, నిద్రపట్టకపోవడం మామూలే. రాత్రి జోమ్‌సోమ్‌లోనో, మార్ఫాలోనో, కాగ్‌బేనిలోనో పడుకోండి. పొద్దున్నే పైకి వెళ్లి, దర్శనం చేసుకుని, మధ్యాహ్నానికి దిగిపోండి. తలనొప్పి పెరుగుతూ, నడకలో తూలు వస్తే మాత్ర వేసి చూద్దాం అనకుండా వెంటనే కిందికి దించాలి. గుండె జబ్బు, ఆయాసం ఉన్నవాళ్లు బయల్దేరే ముందే డాక్టరును అడగాలి. ఎత్తుకు వాడే మందు కూడా ఆయన రాసిస్తేనే.

జీపు దిగాక గుడికి అరగంట ఎక్కుడు. గుర్రాలు, బైకులు దొరుకుతాయి. వైష్ణవులకు ఇది 108 దివ్యదేశాల్లో ఒకటైన సాలగ్రామం. బౌద్ధులకూ పుణ్యక్షేత్రమే, కాబట్టి గుడిలో బౌద్ధ సన్యాసినులు కనబడితే ఆశ్చర్యపోవద్దు. గుడి వెనక అర్ధచంద్రాకారంగా 108 ధారలు, ముందు రెండు కుండాలు. నీళ్లు మంచు కరిగినవి. అరవై దాటినవాళ్లు తల మీద చల్లుకుంటే చాలు. తడిసేవాళ్లు పొడి బట్టలు, టవలు, ఉన్ని టోపీ ధారల దగ్గరికే పట్టుకెళ్లండి, కింద జీపులో వదిలేయకుండా.

రోజుల లెక్క

ఎనిమిది రోజులుంటే హాయిగా సరిపోతుంది. మొదటి రోజు ఖాట్మండు చేరడం. రెండో రోజు తెల్లవారే పశుపతినాథ్. గుడి విమానాశ్రయానికి దగ్గరే. తోలు బెల్టు, పర్సు గదిలోనే వదిలేయండి. తర్వాత బుఢానీలకంఠ గుడి, స్వయంభూ స్తూపం. మూడో రోజు పోఖరా, ఏక్యాప్ పత్రం. నాలుగో రోజు జోమ్‌సోమ్ లేదా కాగ్‌బేని. ఐదో రోజు ముక్తినాథ్, దిగి తాతోపాని దాకా. ఆరో రోజు పోఖరా. ఏడో రోజు ఖాళీ. ఎనిమిదో రోజు తిరుగు ప్రయాణం, ఖాట్మండు నుంచి గానీ, లుంబిని–సునౌలి మీదుగా గానీ. సునౌలి దారైతే గోరఖ్‌పూర్ రైలు తొమ్మిదో రోజుకు పెట్టుకోండి.

ఖాళీ రోజు చూడగానే అందరి చెయ్యీ దాని మీదే పడుతుంది, ఒక రోజు సెలవు మిగుల్తుందని. అది వద్దు. విమానం రద్దయినా, చరియ పడినా, ఒకరికి జ్వరం వచ్చినా ఆ రోజే కాపాడుతుంది. 2025 సెప్టెంబరులో ఆందోళనల వల్ల ఖాట్మండు విమానాశ్రయమే మూతపడింది. ఏమీ జరగకపోతే పోఖరాలో ఫేవా చెరువులో పడవెక్కండి.

బ్యాగులో పెట్టకూడనివి

యాత్ర కాబట్టి పూజ సామాను తీసుకెళ్తారు, చిక్కులూ దాంతోనే వస్తాయి. కర్పూరం మండే వస్తువు. విమానంలో చేతి సంచిలోనూ, కౌంటర్లో ఇచ్చే లోపలి బ్యాగులోనూ కుదరదు. ఎండుకొబ్బరి లోపలి బ్యాగులో నిషేధం; దానిలోని నూనె వల్ల నిప్పంటుకునే ప్రమాదముందని. అగ్గిపెట్టెలు రెండింట్లోనూ కుదరవు. ఇవన్నీ గుడి దగ్గర కొట్లలో దొరుకుతాయి. పవర్‌బ్యాంకు దీనికి తలకిందులు: చేతి సంచిలోనే ఉండాలి. ఆవకాయ, గోంగూర సీసాలు చేతి సంచిలో పెడితే సెక్యూరిటీ దగ్గర ఆపేస్తారు. నూనె కారకుండా రెండు కవర్లు చుట్టి, బట్టల మధ్య, లోపలి బ్యాగులో పెట్టండి. అక్కడి దాల్‌భాత్‌లో అన్నం, పప్పు, కూర అడిగినన్నిసార్లు మళ్లీ వడ్డిస్తారు, మాంసం లేకుండా చేయమంటే చేస్తారు. మూడో రోజుకల్లా మనవాళ్లు వెతుక్కునేది ఆ ఆవకాయ సీసానే.